పుస్తకం మూసి చదవడం: పదో తరగతి పరీక్షల ముందు చివరి రోజుల పునశ్చరణ

మార్చి నెల మొదలయ్యేసరికి పదో తరగతి విద్యార్థి ఉన్న ఇళ్లలో టీవీ మూగబోతుంది, చుట్టాల రాకపోకలు తగ్గుతాయి, అమ్మానాన్నలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఆ నిశ్శబ్దంలో కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది చేసే పని ఒక్కటే: పాఠ్యపుస్తకాన్నో గైడునో మొదటి పేజీ నుంచి తిరిగి చదవడం. చాలా ఏళ్లు పదో తరగతికి గణితం చెప్పిన ఉపాధ్యాయుడిగా నేను గమనించిందేమిటంటే, చివరి రోజుల్లో పిల్లలు మార్కులు పోగొట్టుకోవడానికి సోమరితనం కంటే ఈ అలవాటే పెద్ద కారణం. కష్టపడే పిల్లలే దీనికి ఎక్కువగా బలవుతారు కాబట్టి ఇది నన్ను మరింత బాధిస్తుంది.

చదివిన పేజీని మళ్లీ చదివినప్పుడు కళ్లకు అంతా పరిచితంగా కనిపిస్తుంది. ఆ పరిచయాన్ని మనం జ్ఞాపకమని పొరబడతాం. పరీక్ష హాల్లో పుస్తకం ఎదురుగా ఉండదు, తెల్లకాగితం మాత్రమే ఉంటుంది. అక్కడ కావలసింది చూసి గుర్తుపట్టే శక్తి కాదు, చూడకుండా బయటికి తీసే శక్తి. మన పెద్దలు ఎక్కాలు, పద్యాలు నేర్పినప్పుడు వాడిన పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది. పుస్తకం పెద్దవాళ్ల చేతికిచ్చి, పిల్లవాడు ఎదురుగా నిలబడి అప్పజెప్పేవాడు. తప్పు వచ్చిన చోట ఆపి, సరిదిద్ది, మళ్లీ మొదటి నుంచి చెప్పించేవారు. ఆ పద్ధతిని అర్థం తెలియని బట్టీ కోసం వాడినందువల్ల దానికి చెడ్డపేరు వచ్చింది గాని, అర్థం తెలిసిన పాఠాన్ని అప్పజెప్పడం కంటే మంచి పునశ్చరణ లేదు.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని అంకెల్లో చూపింది. ఒక వ్యాసాన్ని చదివిన విద్యార్థుల్లో కొందరు దాన్నే మళ్లీ చదివారు, మిగిలినవారు చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. రెండు రోజుల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారికి 54 శాతమే గుర్తుండగా, రాసినవారికి 68 శాతం గుర్తుంది. వారం తర్వాత కూడా 42 శాతానికి 56 శాతంగా తేడా నిలిచింది. ఈ ఫలితంలోని మొదటి భాగాన్ని కూడా గమనించాలి. తిరిగి చదవడం కొద్ది నిమిషాల పాటు నిజంగానే పనిచేస్తుంది. అందుకే పరీక్షా కేంద్రం గేటు దగ్గర సూత్రాల కాగితాన్ని ఒకసారి చూసుకోవడంలో తప్పు లేదు. కానీ ఎల్లుండి పరీక్షకు ఇవాళ తిరిగి చదివితే, ఇవాళ రాత్రి కలిగే తృప్తి ఎల్లుండి ఉదయానికి మిగలదు.

ఉన్న సమయం ఎంత?

ఈ వ్యాసంలో ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షలను తీసుకుంటున్నాను. తెలంగాణ విద్యార్థులు, ఇతర బోర్డుల్లో చదివేవారు తమ ప్రశ్నపత్రం నమూనాను పక్కన పెట్టుకుని ఇవే లెక్కలు వేసుకోవచ్చు.

2025లో ఆంధ్రప్రదేశ్ పరీక్షలు మార్చి 17న తెలుగుతో మొదలయ్యాయి. గణితం 24న, భౌతిక రసాయన శాస్త్రం 26న, జీవశాస్త్రం 28న జరిగాయి. అంటే చాలా సబ్జెక్టులకు నడుమ దొరికే విరామం ఒక్క రోజే. మధ్యాహ్నం ఇంటికి వచ్చి భోజనం చేసి, కాసేపు పడుకుని లేచాక ఆ సాయంత్రం నాలుగు గంటలు, మరునాడు తొమ్మిది గంటలు కలిపితే ఒక సబ్జెక్టుకు మొత్తం పదమూడు గంటలు. పదమూడు గంటల్లో గణిత పాఠ్యపుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం ఎవరివల్లా కాదు. అదే పదమూడు గంటల్లో మీకు రాని చోట్లు ఏవో తేల్చుకుని, వాటిలో సగమైనా సరిచేసుకోవడం మాత్రం సాధ్యమే. కాబట్టి మొదటి గంటను చదవడానికి వాడకండి, లెక్క చూసుకోవడానికి వాడండి.

ఆ గంటలో విషయసూచిక తెరిచి, ఒక్కో అధ్యాయం పేరు చూసి, పుస్తకం తిప్పకుండానే దానిలోని మూడు ముఖ్య విషయాలు చెప్పగలరో లేదో పరీక్షించుకోండి. తడుముకోకుండా చెప్పగలిగిన అధ్యాయానికి ఒక గుర్తు, సగం సగం వచ్చినదానికి మరొక గుర్తు, ఏమీ రానిదానికి ఇంకొక గుర్తు పెట్టండి. ఇక్కడ ఒక విషయంలో నా అభిప్రాయం చాలామంది తల్లిదండ్రుల అభిప్రాయానికి భిన్నంగా ఉంటుంది. ఏమీ రాని అధ్యాయంతో మొదలుపెట్టమని వారు చెబుతారు. సగం వచ్చిన అధ్యాయంతో మొదలుపెట్టమని నేను చెబుతాను. సగం వచ్చిన అధ్యాయం అరగంట శ్రమతో పూర్తిగా చేతికొస్తుంది. ఏమీ రాని అధ్యాయం మూడు గంటలు మింగి, చివరికి సగం వచ్చిన అధ్యాయంగా మాత్రమే మిగులుతుంది, పైగా ఆ మూడు గంటల్లో పిల్లల ధైర్యాన్ని కూడా తీసుకుపోతుంది. సంవత్సరం మధ్యలో అయితే నేను ఈ సలహా ఇవ్వను. చివరి రోజుల్లో మాత్రం ఇదే సరైనది. బాగా వచ్చిన అధ్యాయాలను చివరి సాయంత్రం పది నిమిషాల చొప్పున పలకరిస్తే సరిపోతుంది.

లెక్క చూసుకోవలసిన రెండో సంగతి ప్రశ్నపత్రం. గణితంలో ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5 ఉంటాయి. అన్నీ కలిపి 33 ప్రశ్నలు, 100 మార్కులు. ఉదయం 9.30 నుంచి 12.45 వరకు ఉన్న సమయంలో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి పోగా రాయడానికి మూడు గంటలు మిగులుతాయి. చివర సరిచూసుకోవడానికి పది నిమిషాలు ఉంచుకుంటే, మార్కుకు ఒక నిమిషం నలభై సెకన్ల చొప్పున వస్తుంది. ఎనిమిది మార్కుల ప్రశ్నకు పదమూడున్నర నిమిషాలు, నాలుగు మార్కులదానికి ఏడు నిమిషాల లోపు. ఈ అంకెలను చదివే బల్ల మీద రాసి పెట్టుకోండి. ఇంట్లో ఇరవై ఐదు నిమిషాలకు పూర్తయ్యే లెక్క మీకు వచ్చినట్టు కాదు, ఇంకా రావలసి ఉందని అర్థం. అంతేకాదు, ఎనిమిది మార్కుల విభాగం ఒక్కటే 40 మార్కులు కాబట్టి, బిట్ల పుస్తకం ముందేసుకుని గంటల తరబడి కూర్చోవడం చివరి రోజున లాభసాటి బేరం కాదు. పాఠం సరిగ్గా అప్పజెప్పగలిగినవారికి బిట్లు దానితోపాటే వస్తాయి.

తెల్లకాగితం

ఇప్పుడు అసలు పని. సగం వచ్చిన అధ్యాయాన్ని ఎంచుకుని పుస్తకం మూసేయండి. తెల్లకాగితం పైన అధ్యాయం పేరు రాసి, గడియారం చూసుకుని, పది నిమిషాల పాటు గుర్తున్నదంతా నల్ల సిరాతో రాయండి. వాక్యాలు పూర్తిగా ఉండనవసరం లేదు, వరుస తప్పినా ఫరవాలేదు, బొమ్మ గుర్తుంటే బొమ్మే గీయండి. మూడు నిమిషాల తర్వాత ఇంకేమీ రావడం లేదనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే పుస్తకం తెరవాలన్న కోరిక కలుగుతుంది, అప్పుడే తెరవకూడదు. ఆ తడుములాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది. పది నిమిషాలు పూర్తయ్యాక పుస్తకం తెరిచి, వదిలేసిన వాటిని, తప్పు రాసిన వాటిని అదే కాగితం మీద ఎర్ర సిరాతో చేర్చండి. ఇక మీరు చదవవలసిన పాఠం పుస్తకంలో లేదు, ఆ ఎర్ర అక్షరాల్లో ఉంది. రెండు మూడు గంటలు వేరే అధ్యాయాలు చేసుకుని వచ్చి, ఎర్ర అక్షరాల్లో ఉన్నంతవరకే మరో కాగితం మీద చూడకుండా రాయండి. మర్నాడు ఉదయం ఇంకొకసారి రాయండి. మూడోసారికి ఎరుపు దాదాపు కనిపించదు.

ఉదాహరణకు సాంఘికశాస్త్రంలో జాతీయోద్యమం పాఠం తీసుకుందాం. విద్యార్థులను ఎక్కువగా భయపెట్టేవి తేదీలు. వాటిని విడివిడిగా బట్టీ పడితే విడివిడిగానే జారిపోతాయి. తెల్లకాగితం మీద వాటిని ఒక కథలాగా, ఒకదాని నుంచి మరొకటి ఎందుకు పుట్టిందో చెబుతూ రాయాలి. 1915లో గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చారు. 1917లో చంపారన్ నీలిమందు రైతుల పక్షాన నిలిచారు. 1919లో రౌలట్ చట్టం వచ్చింది. దానిపై నిరసనలు సాగుతున్నప్పుడే ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్ దురంతం జరిగింది. ఆ గాయం, ఖిలాఫత్ సమస్య కలిసి సహాయ నిరాకరణకు దారితీశాయి. 1922లో చౌరీచౌరాలో హింస జరగడంతో గాంధీ ఆ ఉద్యమాన్ని ఆపారు. ఇదే కాలంలో మన గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు నడిచిందని, 1924లో ఆయనను కాల్చి చంపారని పక్కనే రాసుకుంటే, మన నేలకు సంబంధించిన ఆ సంవత్సరం మిగిలిన సంవత్సరాలను కూడా పట్టి ఉంచుతుంది. తర్వాత 1928లో సైమన్ కమిషన్, 1929లో లాహోర్ కాంగ్రెస్, 1930 మార్చి 12న మొదలైన దండి యాత్ర, 1931లో గాంధీ ఇర్విన్ ఒప్పందం. ఇలా కారణాల గొలుసుగా రాసినప్పుడు ఒక కొక్కెం మరచిపోయినా ముందూ వెనకా ఉన్నవి దాన్ని లాక్కొస్తాయి. నాలుగు మార్కుల ప్రశ్నయినా, ఎనిమిది మార్కుల ప్రశ్నయినా ఆ గొలుసులోని ఒక ముక్కే అవుతుంది.

రాసే ఓపిక లేనప్పుడు నోటితో అప్పజెప్పండి. పుస్తకం అమ్మ చేతికివ్వండి. అమ్మకు ఇంగ్లిష్ మీడియం పుస్తకం చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు. మీరు తెలుగులో వివరించండి, ఎక్కడ తడబడ్డారో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. నిజానికి ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన వాక్యాన్ని మీ సొంత తెలుగులో చెప్పలేకపోతే, ఆ పాఠం మీకు అర్థం కాలేదనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు. తమ్ముడో చెల్లెలో వింటామంటే వారికి చెప్పండి. పిల్లలు అడిగే "ఎందుకు?" అన్న ప్రశ్న చాలా గైడ్లలో లేని పునశ్చరణ చేయిస్తుంది.

రంగు పెన్నులతో గీతలు గీయడం గురించి ఒక మాట. మనస్తత్వ శాస్త్రవేత్త డన్లాస్కీ బృందం 2013లో పది అభ్యాస పద్ధతులను సమీక్షించి, స్వయంగా పరీక్షించుకోవడాన్ని, వ్యవధి ఇచ్చి చదవడాన్ని అన్నిటికంటే మేలైనవిగా తేల్చింది. గీతలు గీయడాన్ని, తిరిగి చదవడాన్ని తక్కువ ప్రయోజనం గలవాటి జాబితాలో చేర్చింది. చివరి రోజున పుస్తకమంతా పసుపు రంగు పులమడం వల్ల పని చేస్తున్నట్టు అనిపిస్తుంది గాని, పని జరగదు.

గణితం

గణితంలో పునశ్చరణ అంటే చేసిన లెక్కలను నోట్సులో చూడటం కాదు. పరిష్కారాన్ని చూస్తూ ఉంటే ప్రతి మెట్టూ సహజంగానే తోస్తుంది. ఆ మెట్టును మీరే వేయవలసి వచ్చినప్పుడు గాని కష్టం తెలియదు. కాబట్టి ప్రతి అధ్యాయం నుంచి మూడు లెక్కల చొప్పున, ప్రశ్నలు మాత్రమే, చిన్న చీటీల మీద రాసుకోండి. చీటీలన్నిటినీ ఒక డబ్బాలో వేసి కలిపి, తీసిన చీటీలోని లెక్క చేయండి. ఒకే అధ్యాయం లెక్కలు వరుసగా పది చేస్తే, రెండో లెక్క నుంచి ఏ సూత్రం వాడాలో ఆలోచించవలసిన పని ఉండదు. పరీక్షలో అసలు కష్టం మాత్రం ఆ ఎంపికలోనే ఉంది. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఘనాకారాల ఘనపరిమాణాల లెక్కలతో ఇదే పరీక్షించారు. ఒకే రకం లెక్కలు వరుసగా చేసినవారికి సాధన సమయంలో 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలగలిపి చేసినవారికి 60 శాతమే వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివారు 20 శాతానికి పడిపోయారు, రెండోవారు 63 శాతం సాధించారు. చీటీల డబ్బాతో చేస్తున్నప్పుడు తప్పులు ఎక్కువగా వస్తాయి. దానికి బెంబేలు పడనవసరం లేదని చెప్పడానికే ఈ అంకెలు ఇచ్చాను.

సూత్రాలన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చుకోండి, అయితే గైడులో అచ్చువేసిన కాగితం వద్దు, మీ చేత్తో చూడకుండా రాసి, తర్వాత సరిదిద్దుకున్నదే కావాలి. కొన్నిటిని గుర్తుపెట్టుకోవడం కంటే పుట్టించుకోవడం సులభం. త్రికోణమితి విలువల పట్టికే చూడండి. 0, 30, 45, 60, 90 డిగ్రీల కింద వరుసగా 0, 1, 2, 3, 4 రాసి, ఒక్కోదాన్ని నాలుగుతో భాగించి వర్గమూలం తీస్తే సైన్ వరుస మొత్తం వస్తుంది. ఆ వరుసను చివరి నుంచి మొదటికి రాస్తే కొసైన్ వరుస, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే టాన్ వరుస. 90 డిగ్రీల దగ్గర సున్నాతో భాగించవలసి వస్తుంది కాబట్టి అక్కడ టాన్ నిర్వచితం కాదన్న సంగతి కూడా దానంతట అదే తేలుతుంది. ప్రశ్నపత్రం చేతికి రాగానే చిత్తు పనికి కేటాయించుకునే చోట దీన్ని రాయడానికి ఒక్క నిమిషం చాలు.

ఏటా అవే చోట్ల మార్కులు పోతుంటాయి. సాంఖ్యక శాస్త్రంలో మధ్యగతం సూత్రంలో వాడవలసింది మధ్యగత తరగతికి ముందున్న తరగతి సంచిత పౌనఃపున్యం. పిల్లలు మధ్యగత తరగతి సంచిత పౌనఃపున్యాన్నే వేసేస్తారు. బాహుళకంలో ముందు తరగతి పౌనఃపున్యం, తర్వాత తరగతి పౌనఃపున్యం తారుమారవుతాయి. శంకువు మీద అర్ధగోళం అమర్చిన బొమ్మ లెక్కలో ఉపరితల వైశాల్యం అడిగితే రెండిటి వక్రతల వైశాల్యాలను కూడాలి. అతుక్కున్న అడుగు భాగాలు బయటికి కనిపించవు కాబట్టి వాటిని కలపకూడదు. వర్గ సమీకరణంలో విచక్షణి లెక్కించేటప్పుడు రుణ గుర్తు జారిపోతుంది. మీ పాత స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్ జవాబు పత్రాలు తీసి, ఇలాంటివాటిలో మీవి ఏవో ఒక కాగితం మీద రాయండి. సాధారణంగా ఏడెనిమిదికి మించవు. పరీక్ష ముందు రోజు సాయంత్రం చూసుకోవడానికి దీనికంటే విలువైన కాగితం ఉండదు, ఎందుకంటే ఇది మరెవరికీ పనికిరాదు, మీ కోసమే తయారైంది.

సిద్ధాంతాలు, నిరూపణలు కొద్దిగానే ఉంటాయి గనుక వాటిని వదులుకోకూడదు. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం, బాహ్య బిందువు నుంచి వృత్తానికి గీసిన స్పర్శరేఖలు సమానమన్న సిద్ధాంతం, రెండు యొక్క వర్గమూలం (√2) కరణీయ సంఖ్య అన్న నిరూపణ వంటివాటికి ముందుగా బొమ్మ, దత్తాంశం, సారాంశం రాయడం అలవాటు చేసుకోండి. ఆపైన చివరి వాక్యం నుంచి వెనక్కి రండి: ఈ మాట రావడానికి అంతకుముందు ఏం తెలిసి ఉండాలి? ఇలా వెనక్కి నడిచిన నిరూపణ పరీక్షలో మధ్యలో తెగిపోదు. పూర్తిగా రాకపోయినా బొమ్మ, దత్తాంశం వరకైనా రాయండి. వేసిన ప్రతి సరైన మెట్టుకూ మార్కు ఉంటుంది, ఖాళీ పేజీకి మాత్రం ఉండదు.

మిగిలిన సబ్జెక్టులు

భౌతిక శాస్త్రంలో బొమ్మలే సగం పాఠం. కుంభాకార కటకం ముందు వస్తువును అనంత దూరం నుంచి కటకం దగ్గరి దాకా ఆరు స్థానాల్లో ఉంచి, ఆరు కిరణ చిత్రాలను స్కేలుతో, బాణం గుర్తులతో గీయండి. ఆరూ పావుగంటలో పూర్తి కావాలి. లెక్కల్లో అంకెలు ప్రతిక్షేపించే ముందు సంజ్ఞా సాంప్రదాయం ప్రకారం వస్తుదూరానికి రుణ గుర్తు పెట్టారో లేదో చూసుకోవడం ఒక అలవాటుగా మారాలి. జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే లెక్క పూర్తయినట్టు కాదు.

రసాయన శాస్త్రంలో సమీకరణాలను వంటింటి పక్కన పెట్టి చదివితే నిలుస్తాయి. గోడకు వేసిన సున్నం రెండు మూడు రోజుల తర్వాత మెరవడానికి కారణం కాల్షియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బనేట్ పొరగా మారడం. బేకింగ్ సోడా, వాషింగ్ సోడా, బ్లీచింగ్ పౌడర్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఈ నాలుగిటికీ వాడుక పేరు, రసాయన నామం, తయారీ, ఉపయోగం అన్న నాలుగు గడుల పట్టిక గీసి, ఒక్కో గడిని చేత్తో మూసి చెప్పండి. సమీకరణం రాసిన ప్రతిసారీ రెండు వైపులా పరమాణువులు లెక్కపెట్టండి.

జీవశాస్త్రంలో గుండె నిలువుకోత, నెఫ్రాన్, మెదడు, నాడీకణం, పుష్పం నిలువుకోత వంటి బొమ్మలను అందంగా గీయడానికి సమయం వెచ్చించకండి. ఐదు నిమిషాల్లో గీసి, భాగాల పేర్లు తప్పులేకుండా రాయడమే లక్ష్యం. బొమ్మ గీశాక రక్తం గుండెలో ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళుతుందో వేలితో చూపిస్తూ పైకి చెప్పండి. బొమ్మా వివరణా ఒకేసారి పునశ్చరణ అవుతాయి. భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అనే ఈ రెండు పేపర్లకూ రెండేసి గంటలు, యాభైయేసి మార్కులు కాబట్టి, ఆ వేగానికి చేతిని ముందే అలవాటు చేయాలి.

సాంఘికశాస్త్రంలో పటం గుర్తించడం రోజుకు పది నిమిషాల పని. ఖాళీ భారతదేశ పటాలు ఐదారు తెచ్చుకుని, పుస్తకం చూడకుండా నదులు, నగరాలు, ఉద్యమ స్థలాలు గుర్తించి, తర్వాత అట్లాస్‌తో పోల్చుకోండి.

తెలుగు మన భాషే కదా అని చివరి రోజున వదిలేసేవారు చాలామంది. ఛందస్సులో "యమాతారాజభానసలగం" ఒక్కటి గుర్తుంటే గణాలన్నీ వస్తాయి. ఉత్పలమాలకు భరనభభరవ, యతి పదో అక్షరం. చంపకమాలకు నజభజజజర, యతి పదకొండు. శార్దూలానికి మసజసతతగ, యతి పదమూడు. మత్తేభానికి సభరనమయవ, యతి పద్నాలుగు. వీటిని బట్టీ పట్టి ఊరుకోకుండా, మీకు వచ్చిన ఒక్కో పద్యపాదానికి గురులఘువులు పెట్టి సరిచూసుకోండి. సంధుల్లో నిర్వచనానికి ముందు ఒక సొంత ఉదాహరణ పట్టుకోండి: రామాలయం సవర్ణదీర్ఘం, మహేంద్రుడు గుణం, ఏకైక వృద్ధి, అత్యంత యణాదేశం. ఉదాహరణ చేతిలో ఉంటే సూత్రాన్ని దాని నుంచే చెప్పవచ్చు. పద్యం రాసేటప్పుడు అరసున్నలు, ఒత్తులు తప్పకుండా ఉండాలంటే నోటితో చెప్పడం చాలదు, ఒక్కసారైనా రాసి చూసుకోవాలి. హిందీకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ మాత్రలు, లింగ భేదం చూసుకోండి. ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం, ఒక సంభాషణ, ఒక వ్యాసం గడియారం పెట్టుకుని రాయడమే ఉత్తమ పునశ్చరణ.

ముందు రాత్రి, ఆ ఉదయం

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం తర్వాత కొత్త పాఠం తెరవకండి. ఫోన్లలో తిరిగే "తప్పక వచ్చే పది ప్రశ్నలు" వంటి సందేశాలను కూడా తెరవకండి. అవి నిజమని నమ్మితే మిగిలినవి వదిలేస్తారు. అందులో రానిది ఒకటి కనిపిస్తే రాత్రంతా అదే బెంగ. రెండు విధాలా నష్టమే. ఫోన్‌ను సాయంత్రమే ఇంట్లో పెద్దవాళ్లకు అప్పగించడం మంచిది. ఆ సాయంత్రం చేయవలసినవి మూడే: ఎర్ర అక్షరాల కాగితాలు, మీ తప్పుల జాబితా, బాగా వచ్చిన అధ్యాయాలకు చిన్న పలకరింపు.

నిద్ర విషయంలో నేను ఏ మినహాయింపూ ఇవ్వలేను. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. ఒక ఏడాది మా తరగతిలో అందరికంటే చక్కగా లెక్కలు చేసే అమ్మాయి గణితం పరీక్ష ముందు రాత్రి తెల్లవారుజామున మూడింటి వరకు మేలుకుంది. పరీక్షలో ఎనిమిది మార్కుల లెక్క ఒకటి పద్ధతి అంతా సరిగ్గా చేసి, ఏడును ఒకటిగా ఎక్కించుకుని పోగొట్టుకుంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. చదువు చాలక జరిగిన తప్పు కాదది, అలసట వల్ల జరిగిన తప్పు. పదింటికి పడుకుని ఐదింటికి లేవండి. రాత్రి మేలుకోవడానికి తాగే టీ, కాఫీలలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం తర్వాత వాటిని మానేయండి.

హాల్‌టికెట్, రెండు పెన్నులు, పెన్సిల్, స్కేలు, జామెట్రీ బాక్సు, అట్ట రాత్రే సర్దిపెట్టండి. ఉదయం ఇడ్లీయో పెరుగన్నమో, రోజూ తినేదే తినండి. ఎండాకాలం కాబట్టి నీళ్లు తాగి బయలుదేరండి. కేంద్రానికి అరగంట ముందు చేరుకుని, సూత్రాల కాగితం ఒకసారి చూసి, దాన్ని ఇంటివారికి ఇచ్చేయండి. గేటు దగ్గర స్నేహితులు "ఇది చదివావా, అది చదివావా" అని అడుగుతుంటే పక్కకు వచ్చేయండి.

ప్రశ్నపత్రం చదువుకునే 15 నిమిషాలు కూడా పునశ్చరణలో భాగమే. మొదట ఎనిమిది మార్కుల ప్రశ్నలు చదివి, ఇచ్చిన రెండిటిలో ఏది రాస్తారో అక్కడికక్కడే నిర్ణయించుకోండి. రాయడం మొదలుపెట్టాక మీరు వేరే జవాబు రాస్తున్నప్పటికీ, చదివి పెట్టుకున్న ప్రశ్నకు సంబంధించిన సంగతులు లోలోపల కదులుతూనే ఉంటాయి, సమయానికి అందుతాయి. బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి. ఒక ప్రశ్న దగ్గర కేటాయించిన సమయం అయిపోతే, అక్కడ అరపేజీ ఖాళీ వదిలి ముందుకు సాగండి. ప్రశ్న సంఖ్య తప్పు వేస్తే దిద్దేవారికి ఏం చేయాలో తెలియదు కాబట్టి, చివరి పది నిమిషాల్లో ముందుగా సంఖ్యలు, ఆ తర్వాత ప్రమాణాలు, రుణ గుర్తులు సరిచూసుకోండి.

పరీక్ష రాసి బయటికి వచ్చాక జవాబులు పోల్చుకోవద్దు. ఆ పేపరు మీ చేతుల్లోంచి వెళ్లిపోయింది, పోల్చుకుంటే తర్వాతి పేపరు కూడా పాడవుతుంది. తల్లిదండ్రులు కూడా "ఎన్ని వస్తాయి?" అని అడగడం మాని, అన్నం పెట్టి గంటసేపు పడుకోనివ్వాలి. లేచాక సాయంత్రం నాలుగింటికి తర్వాతి సబ్జెక్టు విషయసూచిక తెరిచి, పక్కన తెల్లకాగితం, నల్ల పెన్ను, ఎర్ర పెన్ను పెట్టుకుని కూర్చోండి.